పాత కారు కొంటున్నారా?

పావుకిలో వంకాయలు కొన్నా ముచ్చిక పట్టి, తిప్పి తిప్పి, పుచ్చు ఉందేమోనని చూసి మరీ తీసుకుంటాం మనం. చీర కొంటే అంచు తిరగేసి చూస్తాం. బియ్యం కొంటే నాలుగు గింజలు నోట్లో వేసుకుని పాతవో కొత్తవో చెప్పేస్తాం. అలాంటి మనం, లక్షలు పోసి పాత కారు కొనేటప్పుడు మాత్రం “అది మగవాళ్ళ వ్యవహారం, మనకేం తెలుస్తుంది లెండి” అని ఇంట్లో కూర్చుంటాం. బండి వాకిట్లోకి వచ్చాక నిమ్మకాయలు, కొబ్బరికాయ పట్టుకుని ఎదురు వెళ్ళడమే మన వంతు అవుతోంది.

ఆ డబ్బు ఎవరిదండీ? భూపాలపల్లిలో దసరాకు వచ్చే సింగరేణి లాభాల వాటా కావచ్చు. మానుకోటలో మిర్చి అమ్మితే వచ్చిన సొమ్ము కావచ్చు. జనగామలో నెలనెలా మనమే కూడబెట్టి కట్టిన చిట్టీ పైకం కావచ్చు. పిల్ల పెళ్ళికని దాచిన దాంట్లోంచి తీసినదీ కావచ్చు. బండి చెడ్డదైతే ఆ లోటు పూడ్చేది ఇంటి ఖర్చులోంచే. కనుక బండిని చూడటానికి మనమూ వెళ్ళాలి. ఇందుకు ఇంజనీరు చదువు అక్కర్లేదు. కన్ను, ముక్కు, చెవి, చెయ్యి ఉంటే చాలు. వాటిని ఏ వరసలో వాడాలో తెలియాలి, అంతే.

ఇప్పటి పిల్లలకు మామూలు కారు ఆనడం లేదు. “స్పోర్టు బండి కావాలమ్మా” అంటున్నారు. అసలు స్పోర్ట్స్ కారు అంటే నేలకు దగ్గరగా, ఇద్దరు కూర్చునేలా, వేగం కోసమే కట్టిన బండి. అలాంటివి మన వైపు రోడ్ల మీద ఎప్పుడో గాని కనబడవు. మన దగ్గర ఆ పేరుతో చేతులు మారేవి, చిన్న కారులోనే బలమైన ఇంజను పెట్టినవి. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జి.టి. టి.ఎస్.ఐ., 2015లో వచ్చిన ఫియట్ అబార్త్ పుంటో, 2017లో వచ్చిన మారుతి బలేనో ఆర్.ఎస్. అలాంటివే. ఈ మూడూ ఇప్పుడు కొత్తవి దొరకవు. మనసు పడ్డవాళ్ళు పాతవే వెతుక్కోవాలి. మామూలు కారును ఎవరో ఉద్యోగి ఆఫీసుకు, బడికి నడిపి ఉంటాడు. ఈ బండ్లను చాలావరకు వేగం మీద మోజున్న కుర్రవాళ్ళే నడిపి ఉంటారు. కాబట్టి ఇక్కడ చూపు ఇంకా నిశితంగా ఉండాలి.

ముందుగా వేళ సంగతి. పాత కారును పొద్దున పూట, ఎండలో చూడాలి. సాయంత్రం లైట్ల వెలుగులో రంగులన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. వానలో తడిసిన బండికి గీతలు కనబడవు. కడిగి తుడిచి, ఇంజను వేడి చేసి మీ ఇంటికి తెస్తామంటే వద్దనండి. బండి ఉన్న చోటికే మీరు వెళ్ళండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. వేడిగా ఉందంటే మీరు వచ్చేలోపే ఎవరో దాన్ని కాసేపు నడిపారన్నమాట. చల్లటి ఇంజనులో బయటపడే రోగాలు వేడెక్కాక దాక్కుంటాయి. వేడిగా ఉంటే “ఇంకో గంట ఆగి చూస్తాం తమ్ముడూ” అని టీ తాగి రండి.

ఆగిన ఆ గంటలో నంబరు ప్లేటు చదవండి. అది బండి వయసు చెబుతుంది. ఏపీ 36 అని ఉంటే అది ఉమ్మడి వరంగల్ జిల్లాలో, 2014 జూన్‌కు ముందు రిజిస్టరైన బండి. టీఎస్ అని ఉంటే రాష్ట్రం వచ్చాక రిజిస్టరైనది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 అంకెలు వచ్చాయి. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాతిది. అమ్మేవాడు “2017 మోడలమ్మా” అంటూ ఏపీ 36 బండి చూపిస్తే అక్కడే మాట తేడా వచ్చినట్టు. తయారైన నెల, సంవత్సరం ఆర్.సి.లో ఉంటాయి, సరిచూసుకోండి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆ తర్వాత బ్రేకిన్‌స్పెక్టరుకు చూపించి అయిదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. 13 ఏళ్ళ బండి కొంటే ఆ ఖర్చు రెండేళ్ళలోనే మీ నెత్తిన పడుతుంది.

ఇప్పుడు కంటికి పని. నాలుగడుగులు దూరంగా నిలబడి బండిని ఒక మూల నుంచి ఏటవాలుగా చూడండి. తలుపు మీద ఒక ఛాయ, పక్క రేకు మీద ఇంకో ఛాయ ఉంటే ఆ భాగానికి మళ్ళీ రంగు వేశారని అర్థం. తలుపుకీ రేకుకీ మధ్య సందు పై నుంచి కింది దాకా ఒకే వెడల్పున ఉండాలి. ఒక చోట వేలు దూరి, ఇంకో చోట గోరు కూడా దూరకపోతే బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుంది. మీ ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం బొమ్మ ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళండి. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి రేకు మీద అక్కడక్కడ ఆనించండి. మంచి రేకుకు అతుక్కుంటుంది. లోపల దిట్టంగా పుట్టీ నింపి పైన రంగు కొట్టిన చోట జారిపోతుంది. బంపర్లు ప్లాస్టిక్‌వి గనుక వాటి మీద ఈ పరీక్ష పనికిరాదు.

గీతలు, చిన్న సొట్టలు చూసి భయపడకండి. సందుల్లో తిరిగే బండికి అవి ఉంటాయి. భయపడవలసింది బండి ఎముక విరిగితేనే. బానెట్ ఎత్తించి, రెండు పక్కలా చక్రాల పైన ఉండే ఇనుప గోడలను చూడండి. కంపెనీ వాళ్ళు వేసిన అతుకులు గుండ్రంగా, సమాన దూరంలో, బొట్టు పెట్టినట్టు వరసగా ఉంటాయి. చేత్తో వేసిన వెల్డింగు వంకరటింకరగా, కాలిన పాయసం అడుగులా ఉంటుంది. డిక్కీలో పరుపు ఎత్తి, స్టెప్నీ తీయించి, ఆ గుంతలోనూ అలాగే చూడండి. తలుపు చుట్టూ ఉండే రబ్బరును కొంచెం లాగితే దాని కింద కూడా ఆ బొట్లు కనబడతాయి. బానెట్ బోల్టుల మీద రంగు లేచిపోయి పానా గాట్లు ఉంటే వాటిని ఎప్పుడో విప్పారు. ఎందుకు విప్పారో అడగండి.

తర్వాత టైర్లు. ప్రతి టైరు పక్కన చివరగా నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైన టైరని అర్థం. గాడి ఎంత లోతున్నా అయిదారేళ్ళు దాటిన టైరు గట్టిబడి ఉంటుంది, ఎండకు పగుళ్ళిస్తుంది. నాలుగు టైర్లూ మార్చడం పెద్ద ఖర్చే, బేరంలో ఆ మాట గుర్తుంచుకోండి. టైరు ఒక అంచే అరిగితే చక్రాల అమరిక చెడిందని, ఒక్కోసారి కింద ఏదో వంగిందని సూచన. ఇక మీటరు 30 వేల కిలోమీటర్లే చూపిస్తుంటే కాళ్ళ కింది పెడళ్ళ రబ్బరు చూడండి. అది అరిగి నున్నబడి, స్టీరింగు తోలు మెరిసిపోయి, డ్రైవరు సీటు ఒక పక్కకు కుంగి ఉంటే మీటరును వెనక్కి తిప్పారనే అనుకోవాలి. సర్వీసు బిల్లుల మీద ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసి ఉంటుంది. వాటిని వరసగా పేర్చి చూస్తే అబద్ధం ఇట్టే దొరుకుతుంది.

ఇప్పుడు ముక్కు సంగతి. మన జిల్లాల్లో ఇది మరీ ముఖ్యం. 2023 జులై 27న భూపాలపల్లి దగ్గర మోరంచవాగు మోరంచపల్లి మీద పడింది. జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. అలాంటి వరదల్లో మునిగిన కార్లు ఏమవుతాయి? బాగుచేయించే ఖర్చు మరీ ఎక్కువైతే బీమా కంపెనీ యజమానికి డబ్బిచ్చి, బండిని తుక్కు లెక్కన అమ్మేస్తుంది. వాటిలో కొన్నిటిని కడిగి, ఆరబెట్టి, సీట్లకు కొత్త గుడ్డ వేసి మళ్ళీ సంతలోకి తెచ్చేవాళ్ళుంటారు. మునిగిన బండి మొదట బాగానే నడుస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో లోపలి తీగల కొసలు చిలుము పట్టి, ఒకరోజు దీపాలు, ఇంకోరోజు బ్రేకు యంత్రం, మరో రోజు గాలిసంచి మొరాయిస్తాయి. మెకానిక్ కూడా ఏ తీగలో రోగముందో అంత తేలిగ్గా పట్టుకోలేడు. గాలిసంచి అవసరమైన క్షణంలో విచ్చుకోకపోతే, అందులో కూర్చున్నది మన పిల్లలే కదండీ!

అందుకని అద్దాలన్నీ ఎక్కించి, తలుపులు మూసి అయిదు నిమిషాలు లోపల కూర్చోండి. చెమ్మ పట్టిన గోనెసంచి వాసన వస్తే లేచి వచ్చేయండి. సెంటు వాసన మరీ గుప్పుమన్నా అనుమానించండి. మా ఆడపడుచు వాళ్ళు ఆ వరదల తర్వాతి ఏడాది ఒక బండి చూడబోయారు. లోపలంతా మల్లెపూల సెంటు. ఆవిడ మాట్లాడకుండా వెనక సీటు బెల్టును చివరికంటా లాగింది. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడులో ఎర్రమట్టి చార కనబడింది, సన్నటి ఇసుక ఒళ్ళో రాలింది. “పిల్లలు టీ ఒలకబోశారక్కా” అన్నాడు అమ్మే కుర్రాడు. “టీ ఒలికితే ఇసుక రాలుతుందా తమ్ముడూ?” అని ఆవిడ లేచి వచ్చేసింది. బెల్టు ఒక్కటే కాదు, సీటు జరిపే కింది పట్టాల తుప్పు, కాళ్ళ కింది పరుపు అడుగున మట్టి, ముందు దీపాల లోపల నీటి ఆవిరి కూడా అదే కథ చెబుతాయి.

బీమా కాగితం కూడా చదవండి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక శాతం ఉంటుంది. క్లెయిము లేకుండా గడిచిన ఏళ్ళను బట్టి అది 20 నుంచి 50 దాకా పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఒకే యజమాని దగ్గర ఉన్న బండికి అది సున్నా అని ఉంటే, ఈమధ్యే ఏదో పెద్ద మరమ్మతుకు డబ్బు తీసుకుని ఉంటారు. దేనికో చెప్పమనండి. ఆ బోనస్ మనిషిది గాని బండిది కాదు. మీరు కొన్నాక అది మీకు రాదు, బీమా ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఇది మరవకండి.

ఇక చెవికి, ముక్కుకు కలిపి పని. ఇంజను చల్లగా ఉండగా నూనె పోసే మూత తీయించండి. మూత అడుగున పాలమీగడలాంటి తెల్లటి జిడ్డు ఉంటే ఇంజనాయిల్లో నీళ్ళు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. అది పెద్ద మరమ్మతు. రేడియేటరు మూతను మాత్రం వేడి మీద ఎప్పుడూ తీయించకండి, ప్రెషర్ కుక్కరు మూత లాంటిదే అది. తాళంచెవి తిప్పగానే మీటరు దగ్గర గాలిసంచి గుర్తు వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోవాలి. ఆరకపోతే రోగం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే రోగం కనబడకుండా దీపమే పీకేశారేమో చూడాలి.

బండి స్టార్టు చేయించి మీరు వెనక సైలెన్సరు దగ్గర నిలబడండి. పొద్దున్నే కొంచెం తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే ఫరవాలేదు. ఆగకుండా దట్టంగా తెల్లపొగ వస్తుంటే నీళ్ళు ఇంజనులోకి పోతున్నాయి. నీలిరంగు పొగ అయితే నూనె మండుతోంది. నల్లపొగ అయితే ఇంధనం సరిగా కాలడం లేదు. ఇంజను నిలకడగా, కుట్టుమిషను నడిచినట్టు ఒకే లయలో మోగాలి. మధ్యమధ్య తడబడినా, లోపల ఎవరో గరిటెతో కొట్టినట్టు టకటకలాడినా గుర్తు పెట్టుకోండి.

తర్వాత నడిపి చూడాలి. మీరు నడపకపోయినా పక్కన కూర్చోండి, రేడియో కట్టేయమనండి. జనగామ వాళ్ళకు హైదరాబాద్–వరంగల్ రహదారి దగ్గరే ఉంది. దాని మీద ఏ బండైనా హాయిగానే పోతుంది. అది చాలదు. గతుకుల సందులోకి కూడా తిప్పించండి. కింద డబడబలాడితే సస్పెన్షన్ అరిగింది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు తేలికగా పట్టుకున్నా బండి ఒక పక్కకు లాగకూడదు. బ్రేకు వేస్తే అదరకూడదు. రేస్ ఇస్తే ఇంజను అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్చి జారుతోంది. భూపాలపల్లి వైపు బొగ్గు లారీల దుమ్ములో తిరిగిన బండి అయితే గాలి వడపోసే ఫిల్టరును తీయించి చూడండి. మన వంటింటి జల్లెడ లాంటిదే అది. నల్లగా మూసుకుపోయి ఉంటే ఆ యజమాని దేన్నీ వేళకు మార్చలేదన్నమాట.

స్పోర్టు బండికి ఇవన్నీ చూశాక ఇంకో నాలుగు చూడాలి. మొదటిది టర్బో. పొయ్యి బాగా మండాలని గొట్టంతో ఊదుతాం చూశారా, అలా ఇంజనులోకి గాలిని ఒత్తిడితో ఊదే చిన్న చక్రం అది. విపరీతమైన వేగంతో తిరుగుతుంది గనుక మంచి నూనె వేళకు మార్చకపోతే ముందు అదే పోతుంది. బాగా పరుగెత్తించి ఆపి, కాసేపు ఇంజను అలాగే ఉంచి, మళ్ళీ రేస్ ఇచ్చినప్పుడు నీలిపొగ వస్తే టర్బోను అనుమానించాలి. రెండోది గేరుబాక్సు. పోలో జి.టి. టి.ఎస్.ఐ. లాంటి వాటిలో రెండు క్లచ్చిలున్న ఆటోమేటిక్ గేరు ఉంటుంది. నెమ్మదిగా కదిలేటప్పుడు కుదుపులిస్తుంటే దాని మరమ్మతు ఖర్చు కనుక్కోకుండా ముందుకు పోవద్దు. మూడోది విడిభాగాలు. ఫియట్ కంపెనీ మన దేశంలో కార్లు అమ్మడం మానేసింది. ఒక దీపం పగిలినా, ఒక రేకు వంగినా ఎక్కడ దొరుకుతుందో కొనకముందే విచారించండి.

నాలుగోది మార్పులు. పెద్ద చప్పుడు చేసే సైలెన్సరు, కిందికి దించిన స్ప్రింగులు, వెడల్పు టైర్లు, ఇంజను కంప్యూటరులో లెక్కలు మార్చి పెంచిన బలం, ఇవన్నీ చూసి పిల్లలు మురిసిపోతారు. కాని కంపెనీ రూపకల్పనకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా వాళ్ళు పేచీ పెట్టడానికి అదొక సాకు. పైగా పెంచిన బలం మోసింది ఆ పాత క్లచ్చీ గేర్లే కదా! ఇవి కాక, 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన పెట్రోలు బండి అయితే ఇంధనం వెళ్ళే రబ్బరు గొట్టాలను మెకానిక్‌కు చూపించండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరుకు అది అంతగా పడదు.

మీకు ఇంతదాకా నచ్చితే అప్పుడు మెకానిక్‌ను పిలవండి. అమ్మేవాడు తెచ్చిన మనిషి కాకూడదు, మీరు డబ్బిచ్చి తెచ్చుకున్న మనిషి కావాలి. అతను బండిని పైకెత్తి అడుగు చూడాలి, స్కానరు పెట్టి లోపలి తప్పులు చదవాలి. ఆ కూలి దండగ కాదు, లక్షలకు అది తాళం.

చివరగా కాగితాలు. బాకీ ఉన్న చలాన్లు చూసుకోండి. బ్యాంకు అప్పు ఉంటే ఆర్.సి.లో రాసి ఉంటుంది. అది తీరినట్టు బ్యాంకు ఉత్తరం, ఫారం 35 చేతికి రానిదే డబ్బివ్వకండి. యాజమాన్యం మార్చడానికి ఫారం 29, 30 కావాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి “తర్వాత నింపుకోండమ్మా” అంటే ఒప్పుకోకండి. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. బీమా కూడా 14 రోజుల్లో మీ పేరిటికి మార్చమని అడగాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం కావాలి, ఇక్కడ జీవితకాలపు పన్నూ కట్టాలి. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015లలో ఆంక్షలు పెట్టాక అక్కడి బండ్లు చౌకగా బయటి రాష్ట్రాలకు వచ్చాయి. ఆ చౌకకు ఈ పన్ను కలిపితే చౌక మిగలకపోవచ్చు.

ఈ పేరు మార్పు మీ పాత బండి అమ్మేటప్పుడూ అంతే ముఖ్యం. రికార్డులో ఎవరి పేరుంటే యజమాని వారేనని, ప్రమాదం జరిగితే బాధ్యత వారి మీదే పడుతుందని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బండి ఎప్పుడో అమ్మేశాం అంటే చెల్లదు.

చూసినవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. టైర్లకు ఇంత, క్లచ్చికి ఇంత, బీమాకు ఇంత అని మెకానిక్‌ను అడిగి పక్కన వేసుకోండి. ఆ కూడిక అంతా అమ్మేవాడు చెప్పిన ధరలోంచి తగ్గాలి. “ఇంకో పార్టీ సాయంత్రం వస్తోందక్కా, ఇప్పుడే బయానా ఇచ్చేయండి” అనే మాట ప్రతి బేరంలోనూ వినబడుతుంది. వస్తే రానివ్వండి. మన మూడు జిల్లాల్లో అమ్మకానికి ఆ బండి ఒక్కటే లేదు. కన్ను, ముక్కు, చెవి తమ పని ముగించాకే చెయ్యి పర్సు దగ్గరికి వెళ్ళాలి.